కాలివేళ్ళతో మొదలయ్యే ఉదయం

నిద్ర లేచీ లేవగానే ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోవడం, నడుము పట్టేయడం, మంచం దిగి వేసే మొదటి నాలుగడుగులు తడబడటం, కాసేపు తిరిగాక ఆ బిగువు దానంతటదే సడలడం నడివయసు దాటిన చాలామందికి అనుభవంలో ఉన్న విషయమే. తెలుగునాట పెద్దలు దీన్ని ‘వాతం’ అనే ఒక్క మాటతో చెబుతారు. ఆయుర్వేదంలో వాతమంటే కడుపులో చేరే గాలి మాత్రమే కాదు, శరీరంలోని సమస్తమైన కదలికనూ నడిపించే తత్త్వం. చలువ, పొడితనం, గరుకుదనం దాని గుణాలనీ, ఆయుస్సులో చివరి భాగం, పగటిలో చివరి భాగం, రాత్రిలో చివరి భాగం అది ప్రబలే కాలాలనీ అష్టాంగహృదయం చెబుతుంది. ముసలితనంలోనూ తెల్లవారుజామునా ఒళ్ళు ఎక్కువగా పట్టేస్తుందని శ్రద్ధగా గమనించినవారి చూపు ఆ వర్గీకరణ వెనుక కనిపిస్తుంది.

ఆధునిక శరీరశాస్త్రం ఇదే సంగతిని వేరే భాషలో వివరిస్తుంది. కీలు లోపల రెండు ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు కాబట్టి, చుట్టూ ఉన్న జిగట ద్రవం నుంచే దానికి పోషణ అందాలి. కీలు కదిలినప్పుడు మృదులాస్థి నొక్కుకొని, మళ్ళీ విచ్చుకొని, స్పాంజిలా ఆ ద్రవాన్ని లోపలికి తీసుకుంటుంది. హైలురోనిక్ ఆమ్లం ఉండటం వల్ల ఆ ద్రవానికి కదలిక లేనప్పుడు చిక్కబడి, కదిపినప్పుడు పలచబడే స్వభావం ఉంది. కండరాలదీ దాదాపు ఇదే తీరు, చాలాసేపు కదలకుండా ఉంటే వాటి తంతువుల మధ్య పట్లు బిగుస్తాయి, రెండుమూడుసార్లు కదిపితే వదులవుతాయి. వీటికి తోడు తెల్లవారుజామున శరీర ఉష్ణోగ్రత రోజు మొత్తంలో అతి తక్కువగా ఉంటుంది. వెన్నుపూసల మధ్య డిస్కులనే మెత్తని బిళ్ళలు రాత్రంతా బరువు లేకుండా ఉండి నీరు పీల్చుకొని ఉబ్బుతాయి, అందుకే మనిషి పొద్దున లేచేసరికి రాత్రి పడుకున్నప్పటికంటే సుమారు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తు పెరిగి ఉంటాడు. అలా నిండిన డిస్కుల మీద, ముందుకు వంగినప్పుడు పడే ఒత్తిడి పగటికంటే ఉదయం చాలా ఎక్కువ. లేచిన వెంటనే మోకాళ్ళు వంచకుండా వంగి కాలి బొటనవేళ్ళు అందుకోవాలని పట్టుబట్టేవారు నడుముకు చేస్తున్నది మేలు కాదని ఈ ఒక్క కారణమే చెబుతుంది.

కాబట్టి పొద్దుటి బిగువుకు కావలసింది గట్టిగా సాగదీయడం కాదు, బరువు మోపకుండా మెల్లగా కదిలించడం. ఈ అవసరానికి అచ్చంగా సరిపోయే సాధనాక్రమం పవనముక్తాసన శ్రేణి. స్వామి శివానంద శిష్యుడైన స్వామి సత్యానంద సరస్వతి 1960ల తొలి సంవత్సరాల్లో గంగ ఒడ్డున ముంగేరులో స్థాపించిన బీహార్ యోగ విద్యాలయం దీన్ని బోధనలో ప్రధాన స్థానంలో నిలిపింది, 1969లో తొలిసారి వెలువడిన ‘ఆసన ప్రాణాయామ ముద్రా బంధ’ అనే గ్రంథం దీన్ని దూరప్రాంతాలకు చేర్చింది. పవనం అంటే గాలి, ముక్తం అంటే విడుదలైనది. వెల్లకిలా పడుకొని మోకాళ్ళను పొట్టకు అదుముకొనే ఆసనాన్ని కూడా పవనముక్తాసనమనే అంటారు గనుక రెండింటినీ కలిపి పొరబడటం కద్దు. ఇక్కడ చెప్పేది ఒక ఆసనం కాదు, మూడు భాగాల శ్రేణి. అందులో మొదటి భాగం కీళ్ళవాతాన్ని ఉద్దేశించినది, రెండోది జీర్ణవ్యవస్థను, మూడోది శరీరంలో శక్తి ప్రవాహానికి ఏర్పడే అడ్డంకులను ఉద్దేశించినవి.

ఈ శ్రేణి వేల ఏళ్ళనాటిదని చెప్పుకోవడం సరికాదు. పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో వర్ణితమైన ఆసనాలు పదిహేనే, వాటిలో కాలివేళ్ళు వంచడమూ పిడికిలి బిగించడమూ లేవు. పేర్లే ఈ సంగతిని పట్టిస్తాయి. గుల్ఫ నమనం, జాను చక్రం, మణిబంధ నమనం అంటూ చక్కని సంస్కృతంలో సాగే పట్టికలో మోచేతి దగ్గరికి వచ్చేసరికి ‘కెహునీ నమన్’ అనీ, తొడల కీలు దగ్గర ‘తితలీ ఆసన్’ అనీ హిందీ మాటలు దొర్లుతాయి. కెహునీ అంటే మోచెయ్యి, తితలీ అంటే సీతాకోకచిలుక. ఎదుట కూర్చున్న సామాన్య విద్యార్థులకు అర్థమయ్యేలా, వారి అవసరం చూసి కూర్చిన క్రమం ఇదని ఆ రెండు మాటలే సాక్ష్యం చెబుతున్నాయి. ప్రాచీనత అంటగట్టడం కంటే ఈ విషయాన్ని ఒప్పుకోవడమే దీనికి ఎక్కువ గౌరవం.

శ్రేణిలోని మొదటి భాగం సాధన నేల మీద కాళ్ళు చాపి కూర్చోవడంతో మొదలవుతుంది. చేతులను పిరుదుల వెనుక నేలకు ఆనించి, వెన్ను నిటారుగా నిలిపి, కొద్దిగా వెనక్కి వాలే ఈ భంగిమను ప్రారంభిక స్థితి అంటారు. ఒంటి బరువు చేతులకూ పిరుదులకూ చేరడంతో కాళ్ళ కీళ్ళ మీద ఏ భారమూ ఉండదు, అసలు మర్మం ఇక్కడే ఉంది. మొదటిది పాదాంగుళి నమనం. మడమలూ చీలమండలూ కదపకుండా, శ్వాస తీసుకుంటూ కాలివేళ్ళను మాత్రమే తనవైపు వంచాలి, వదులుతూ ముందుకు ముడవాలి, ఇలా పదిసార్లు. వినడానికి ఇది చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. చేసి చూసినప్పుడు మొదటి రెండుమూడుసార్లు బొటనవేలొక్కటే కదులుతుంది, చిటికెనవేలు చెప్పిన మాట వినదు, వేళ్ళను కదపబోతే పాదమంతా కదిలిపోతుంది. ఐదారుసార్లయ్యాక వేళ్ళు ఒకదానినుంచి ఒకటి విడివడుతూ, అరికాలి లోపల సన్నని లాగుడు తెలుస్తుంది. ఇంత చిన్న కదలికను శ్వాసతో జోడించి మనసులో లెక్కపెడుతూ చేయాలన్న నియమం వల్లనే, తొందరపడి కీలును పరిమితి దాటించే ప్రమాదం తప్పుతుంది.

తర్వాత గుల్ఫ నమనంలో పాదమంతా వెనక్కీ ముందుకూ వంగుతుంది, గుల్ఫ చక్రంలో చీలమండ గుండ్రంగా తిరుగుతుంది. కాళ్ళలోని రక్తం గుండెవైపు ఎక్కడానికి పిక్క కండరాల బిగింపు సడలింపులే ప్రధానమైన తోడ్పాటు కావడంతో, రాత్రంతా నిశ్చలంగా ఉన్న పాదాలకు ఈ కదలిక వెచ్చదనాన్ని తెస్తుంది. అక్కడినుంచి క్రమం మోకాళ్ళకు, తుంటి కీళ్ళకు సాగుతుంది.

చేతుల్లో ముష్టికా బంధనం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. రెండు చేతులను భుజాల ఎత్తులో ముందుకు చాచి, శ్వాస తీసుకుంటూ వేళ్ళను వీలైనంత ఎడంగా విప్పాలి, వదులుతూ బొటనవేలు లోపలికి వచ్చేలా పిడికిలి బిగించాలి. పొద్దున్నే టీగ్లాసు పట్టుకోవడానికీ చొక్కా బొత్తాం పెట్టుకోవడానికీ వేళ్ళు ముడుచుకోని వారికి ఇది ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. మణికట్టు, మోచెయ్యి, భుజం తర్వాత చివరన మెడ వస్తుంది. మెడను గుండ్రంగా తిప్పే భాగాన్ని వృద్ధులూ, రక్తపోటు ఉన్నవారూ, మెడపూసల అరుగుదల ఉన్నవారూ చేయకూడదు. ప్రతి అభ్యాసం తర్వాత కళ్ళు మూసుకొని కదలకుండా కాసేపు ఉండటం కూడా సాధనలో భాగమే గానీ, దాన్ని ఎక్కువమంది వదిలేస్తారు. అలా వదిలేస్తే కీలులో కలిగిన మార్పును గుర్తించే అవకాశం పోతుంది.

తెలుగు యోగా తరగతుల్లో ఇలాంటి కదలికలను సూక్ష్మ వ్యాయామాలని పిలిచి, అసలు ఆసనాలకు ముందు ఐదు నిమిషాల్లో గబగబా ముగించే అలవాటు చాలాచోట్ల ఉంది. ఇది విచారించదగిన విషయం. అరవై ఏళ్ళ మనిషికి ఆ తర్వాత వచ్చే ఆసనాలకంటే ఈ చిన్న కదలికలే ఎక్కువ పనికివస్తాయి. నేల మీద కూర్చోలేనివారు మంచం మీదనే గోడకు ఆనుకొని కాళ్ళు చాపుకోవచ్చు, కుర్చీలోనూ చాలాభాగం చేసుకోవచ్చు. చలికాలంలో ముందుగా గోరువెచ్చని నీళ్ళలో చేతులు ముంచుకొంటే వేళ్ళు త్వరగా వదులవుతాయి.

అయితే ఏ కదలికా అన్ని రకాల బిగువుకూ మందు కాదు. కీళ్ళ అరుగుదల వల్ల వచ్చే పొద్దుటి బిగువు సాధారణంగా అరగంటలోపు సడలుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ వంటి వాపు జబ్బుల్లో అది తరచు గంట, అంతకుమించి కూడా ఉంటుంది. ఆయుర్వేద గ్రంథమైన మాధవ నిదానం వర్ణించిన ఆమవాతంలోనూ ఒళ్ళు స్తంభించడం ఒక ముఖ్య లక్షణం. కీలు వాచి, ఎర్రబడి, చేత్తో తాకితే వెచ్చగా తగులుతుంటే దాన్ని బలవంతంగా కదపడం తగదు, ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి. బిగువు ఎంతసేపు ఉంటోందని వైద్యుడు తప్పక అడుగుతాడు, చాలామంది అంచనాగా ఏదో ఒకటి చెబుతారు. నిద్ర లేచిన సమయానికీ, ముష్టికా బంధనంలో పిడికిలి సందు లేకుండా పూర్తిగా మూసుకున్న సమయానికీ మధ్య ఎన్ని నిమిషాలు పట్టిందో రోజూ గోడమీది క్యాలెండరులో ఆ తేదీ పక్కన రాసుకుంటే, నెల తిరిగేసరికి ఆ ప్రశ్నకు సరైన జవాబు చేతిలో ఉంటుంది.