అవ్వకు బడిలో కుర్చీ

విద్యాహక్కు చట్టం అనగానే మనవాళ్లకు ఉచిత నిర్బంధ విద్య గుర్తొస్తుంది, ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్ల తగాదా గుర్తొస్తుంది. 2009లో పార్లమెంటు ఆమోదించి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఎవరూ ఆగి చదవని రెండో సెక్షన్. ఏ మాటకు ఏమర్థమో చెప్పే నిర్వచనాలు అందులో ఉంటాయి. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు ఇళ్లను తలుచుకుంటూ దాన్ని చదివితే రాసినవాళ్ల పనితనం తెలుస్తుంది.

ఆ ఇళ్ల సంగతి పాలమూరు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. వానకాలం పంట అయిపోగానే తల్లిదండ్రులు మేస్త్రీ వెంట ముంబయికో పుణెకో బస్సెక్కుతారు, పిల్లలు అవ్వ దగ్గర మిగిలిపోతారు. దేవరకొండ తండాల్లోనూ నల్లగొండ పత్తి చేలల్లోనూ కష్టం ఇంకో తీరుది. మొగుడు చనిపోయో, వదిలేసిపోయో ఒంటరిగా పిల్లల్ని సాకుతున్న తల్లులు అక్కడున్నారు. ఈ ఇళ్లన్నిటికీ బడి గడప దగ్గర ఎదురయ్యే మాట ఒకటే: "పిల్లగాని నాయన ఏడి? సంతకం ఆయన్నే పెట్టమను."

ఆ మాట వెనక పాత చట్టం నీడ ఉంది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాతే తల్లి. తండ్రి బతికి ఉండి కూడా పట్టించుకోనప్పుడు తల్లే సంరక్షకురాలు కావచ్చని తేల్చడానికి 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

విద్యాహక్కు చట్టం ఆ వరుసను ఎత్తుకోనే లేదు. కన్నవారైనా, సవతివారైనా, దత్తత తీసుకున్నవారైనా, తండ్రిగానీ తల్లిగానీ ఇద్దరూ సమానమే. సంరక్షకుల నిర్వచనం ఇంకా నేర్పుగా ఉంది. పిల్లల బాగోగులు ఎవరు చూస్తున్నారో, పిల్లలు ఎవరి దగ్గర ఉంటున్నారో ఆ మనిషిని ముందు చెప్పి, సహజ సంరక్షకులను, కోర్టు నియమించినవాళ్లను ఆ తర్వాత చేర్చింది. అంటే పొద్దున్నే లేపి, తల దువ్వి, బడికి తోలే అవ్వ సంరక్షకురాలే. దానికోసం ఆమె ఏ జడ్జి ముందూ నిలబడక్కర్లేదు. ఒక్క వాక్యంలో ఇంత దయను, ఇంత కచ్చితంగా ఇమడ్చడం మామూలు పని కాదు.

ఆ వాక్యం బలం 21వ సెక్షన్‌లో బయటపడుతుంది. పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లుండాలి. ఒంటరి తల్లి, మనవణ్ని సాకే అవ్వ ఆ కమిటీలో కూర్చుని మధ్యాహ్న భోజనం గురించీ, రాని టీచరు గురించీ అడగొచ్చు.

నాకు మరీ ఇష్టమైంది 24వ సెక్షన్. తల్లిదండ్రులను, సంరక్షకులను తరచూ కలిసి, పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో వస్తున్న మార్పు వాళ్లకు తెలియజెప్పడం టీచరు విధి అంటుందది. ఈ బరువును కూలికి పోయే తల్లి మీద కాకుండా జీతం తీసుకునే టీచరు మీద పెట్టడం చాలా న్యాయమైన పని. అవ్వకు చదువు రాదు. ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేయించుకుని పంపేస్తే ఆ విధి తీరదు. "లెక్కల్ల ఎనకబడ్డడు అవ్వా, రాత్రి పూట నీ ముందల కూసోని ఎక్కాలు అప్పజెప్పమను" అని నోటితో చెప్తే తీరుతుంది. అదే మాట పుణెలో ఉన్న తల్లికి ఆదివారం ఫోన్లో చెప్తే ఇంకా మేలు. విడిపోయిన దంపతులకూ ఇదే వర్తిస్తుంది. కోర్టు అడ్డు చెప్పనంత వరకు వేరుగా ఉంటున్న తండ్రి కూడా ఈ చట్టం దృష్టిలో తండ్రే, బిడ్డ చదువెట్లుందో ఆయనకూ చెప్పాల్సిందే. కానీ ఆయన వచ్చేదాకా పిల్ల బడి కాగితం ఆపడానికి ఇందులో ఆధారం నాకు కనబడదు.

పిల్లల్ని వెంట తీసుకుపోయేవాళ్లనూ చట్టం మరువలేదు. వలస కుటుంబాల పిల్లలకు ప్రవేశం దక్కేలా చూడటం స్థానిక సంస్థల బాధ్యత అంది. టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు, టీసీ ఇవ్వడంలో జాప్యం చేసే హెడ్మాస్టరు మీద క్రమశిక్షణ చర్యకు వీలుంది. మార్చిలో ఊరికి తిరిగొచ్చిన పిల్లను గడువు దాటిందని వెనక్కి పంపకూడదు.

లోటు లేదనను. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడులకు ఈ యాజమాన్య కమిటీ నిబంధన వర్తించదు. మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో అప్పు చేసి ఫీజు కట్టే ఒంటరి తల్లికి అక్కడ కుర్చీ లేదు. పైగా ఈ హక్కు ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకే. తొమ్మిదో తరగతికొచ్చిన ఆడపిల్లను పత్తి ఏరడానికి పంపుదామా, పెళ్లి చేద్దామా అని ఇంట్లో మాట మొదలయ్యేది సరిగ్గా ఆ హక్కు ముగిసే వయసులోనే.