చేతివాటానికి తగ్గ డెస్క్‌టాప్
లినక్స్ డెస్క్‌టాప్‌ను తమకు తగ్గట్టు అమర్చుకునేవాళ్ల ఓపిక చూస్తే నాకెంతో ముచ్చటేస్తుంది. 4 జీబీ ర్యామున్న పాత ల్యాప్‌టాప్‌కు తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌ను ఎంచుకోవడంలోనే సగం నేర్పు ఉంది. ప్యానెల్‌ను ఎడమ అంచుకు జరిపితే, వెడల్పైన తెరలో రాతకు మరికొన్ని వరుసల చోటు దొరుకుతుంది. ఎప్పుడోగాని పనిపడని క్యాప్స్‌లాక్‌ను కంట్రోల్‌గా మారిస్తే చిటికెనవేలికి ఎంత హాయి! ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆల్ట్ నొక్కిపట్టి విండోను ఎక్కడ పట్టుకు లాగినా కదిలొస్తుంది. ఇది అలవాటైతే ఇంకో కంప్యూటర్ మీద చెయ్యాడదు. తెలుగు రాసేవాళ్లకైతే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ జోడించుకుని, ఒక్క మీటతో ఇంగ్లిషులోకీ వెనక్కీ మారగలగడం అసలైన వరం. ఎడిటర్‌లో వరుసల మధ్య ఎడం కాస్త పెంచితే వత్తులు కింది గుడులకు తగలవు. ఈ అమరికలో చాలాభాగం హోమ్ ఫోల్డర్‌లోని చిన్నచిన్న ఫైళ్లలోనే ఉంటుంది. మిషను మారినా వాటిని కాపీ చేసుకుంటే చాలు, వేళ్లు మళ్లీ కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు.