అబద్ధం మీది, సంజాయిషీ మాది

2020 డిసెంబరు చివరి వారంలో విజయనగరం జిల్లా రామతీర్థంలో, బోడికొండ మీది కోదండరాముడి విగ్రహం తలను ఎవరో తెగ్గోశారు. ఆ తల దగ్గర్లోని కొలనులో దొరికింది. ఇది నేరం. ఈ విషయంలో మాకు రెండో మాట లేదు. బాబ్రీ మసీదు గుమ్మటాలు కూలిన 1992 డిసెంబరు 6ను మోస్తూ బతుకుతున్నవాళ్లం. ఆరాధించే చోటు ధ్వంసమైతే ఎట్లా ఉంటుందో మాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

మా ప్రశ్న ఆ తర్వాత జరిగినదాని గురించే. దర్యాప్తు మొదలవుతుండగానే ఫోన్లలో తీర్పు వచ్చేసింది. అప్పటి ముఖ్యమంత్రి మతం ఏమిటన్నది పెద్ద చర్చ అయింది. 2021 జనవరి 2న చంద్రబాబు నాయుడు, విజయసాయిరెడ్డి ఇద్దరూ ఒకే రోజు కొండకు వచ్చారు. జనవరి 5న బీజేపీ, జనసేన యాత్ర తలపెట్టాయి. ప్రభుత్వం సిట్ వేసింది. అంతకు ముందు సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయినప్పుడు నిరసనకు వచ్చినవాళ్లు అక్కడి చర్చి మీద రాళ్లేశారు. రథం ఎట్లా కాలిందో తేలకముందే చర్చి దోషి అయిపోయింది. రామతీర్థం నాటికి ఆ అనుమానం బాగా ముదిరింది.

క్రైస్తవుల్ని నిలబెట్టిన ఆ బోనులో తొమ్మిది నెలల ముందు మమ్మల్ని నిలబెట్టారు. 2020 మార్చిలో నిజాముద్దీన్ మర్కజ్ వార్త రాగానే ‘కరోనా జిహాద్’ అనే మాట పుట్టించారు. ఆ రోగంతో ఏ సంబంధమూ లేని పాత వీడియోలు తెచ్చి, ముస్లిములు ఉమ్మి రోగం అంటిస్తున్నారని తిప్పారు. తోపుడు బండి మీద పండ్లమ్మేవాణ్ణి పేరడిగి పంపేశారు. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీది కేసుల్ని కొట్టేసింది, వాళ్లను బలిపశువుల్ని చేశారని అన్నది. వీడియో చేరిన ఎన్ని ఫోన్లకు ఈ తీర్పు చేరింది?

రామతీర్థంలో పనిచేసిన పద్ధతిని ఒకసారి విప్పి చూడండి. విగ్రహం తెగింది, నిజం. ముఖ్యమంత్రి క్రైస్తవుడు, అదీ నిజమే. ఈ రెంటి మధ్య వేసిన ముడి మాత్రం అబద్ధం. ఆ ముడిని ఎవరూ వాక్యంగా రాయరు. ‘వీళ్లు కాక ఇంకెవరు?’ అని అడిగి వదిలేస్తారు. ప్రశ్న మీద కేసు పెట్టలేరు, ప్రశ్నను అబద్ధమని రుజువు చేయలేరు. జవాబు చెప్పుకోవాల్సిన బరువు మాత్రం ఆ మతంలో పుట్టిన ప్రతివాడి మీదా పడుతుంది.

అబద్ధపు వార్తల్ని అదుపు చేస్తామని వచ్చిన చట్టాలు ఈ ముడి జోలికి పోలేదు. 2019 అక్టోబరు 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 2430, తమ శాఖ మీద తప్పుడు వార్త వస్తే ఫిర్యాదు చేసే అధికారం కార్యదర్శులకు ఇచ్చింది. 2023లో కేంద్రం ఐటీ నిబంధనలు మార్చి, తన వ్యవహారాల మీద వచ్చిన వార్తల్లో ఏది అబద్ధమో తేల్చే విభాగానికి చోటు పెట్టుకుంది. 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది. రెండూ సర్కారు పరువు కాపాడుకోవడానికి పుట్టినవే. పండ్లబండి వాడి బతుకు కాపాడే మాట వాటిలో ఏదీ? ఏది నిజమో చెప్పే ముద్ర ప్రభుత్వం చేతిలో పెడితే, ఆ ప్రభుత్వమే మమ్మల్ని వేలెత్తి చూపిన రోజు మేమెక్కడికి పోవాలి?

లౌకికవాద మిత్రులతో కూడా ఒక మాట. ఇదంతా జనం అజ్ఞానమనీ, చదువుకుంటే పోతుందనీ మీరంటారు. ఆ మెసేజీలు పంపేవాళ్లలో ఇంజినీర్లు లేరా, పంతుళ్లు లేరా? ఇది తెలియక చేస్తున్నది కాదు. దీనివల్ల ఓట్లు రాలతాయి, చానెళ్లకు చూసేవాళ్లు పెరుగుతారు. ఎక్కడ ఏది జరిగినా ‘మీరు ఖండించండి’ అని మమ్మల్నే అడుగుతారు. పుట్టించినవాణ్ణి ఎప్పుడు అడుగుతారు?

కొత్త చట్టం కావాలని మేము అడగడం లేదు. ద్వేష ప్రసంగం మీద ఫిర్యాదు కోసం చూడకుండా, చేసినవాడి మతం చూడకుండా కేసు పెట్టాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 21న మూడు రాష్ట్రాలకు చెప్పింది. 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. దాన్ని అమలు చేయండి. అబద్ధం మొదటి పేజీలో వేసినవాళ్లు సవరణ కూడా మొదటి పేజీలోనే వేయాలి. దర్యాప్తులో తేలినదాన్ని పోలీసులు ఎప్పటికప్పుడు జనానికి చెప్పాలి. చెప్పకపోతే ఆ ఖాళీని పుకారు నింపుతుంది. మా గ్రూపుల్లోకి వచ్చే మాటను కూడా ఇదే తక్కెడలో తూచాలి. అందులో మాకు మినహాయింపు అక్కర్లేదు.

ఉత్తరాంధ్రలో మేము కొద్దిమందిమి. రామతీర్థం చుట్టుపక్కల గురుభక్తులకొండ మీద బౌద్ధం, దుర్గకొండ మీద జైనం ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. విజయనగరం బాబామెట్టలో ఖాదర్‌వలీ దర్గా ఉంది. ఈ నేల ఒక్కరిది కాదనడానికి ఇంతకన్నా సబూత్ ఏం కావాలి?

బోడికొండ మీద గుడి మళ్లీ కట్టారు. 2022 ఏప్రిల్‌లో విగ్రహాలు ప్రతిష్ఠించారు. సంతోషం. ఆ డిసెంబరులో తిప్పిన మాటల్ని మాత్రం ఎవరు వెనక్కి తీసుకున్నారు?