తెర మీది పెట్టె, పెట్టెలోని మాట

కథ నడుస్తుండగా కథకుడు కానివాడు మధ్యలో లేచి మాట్లాడవచ్చునా? బుర్రకథ చూసినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. నడుమ తంబురా పట్టిన కథకుడు కథ నడిపిస్తాడు. చెరొక ప్రక్క డక్కీలు పట్టిన వంతలలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. పూర్వకాలపు వీరుడి కథ మంచి పట్టులో వుండగా రాజకీయపు వంత అందుకుని, ఈనాటి బియ్యం ధర సంగతి ఎత్తుతాడు. కథ ఆగుతుంది, కాని సభ చెదరదు. ఆ మాట సభలో కూర్చున్నవారి బ్రతుకులోనిది కావడమే దానికి కారణం. ప్రజానాట్యమండలి బుర్రకథను ఆయుధంగా ఎంచుకోవడంలో ఈ గుణం పాత్ర చిన్నది కాదు.

అదే ప్రశ్న నేడు మరొక కళారూపంలో ఎదురవుతున్నది. బొమ్మలు లేకుండా మాటలతోనే నడిచే కంప్యూటర్ ఆటలున్నాయి. వాటిని టెక్స్ట్ అడ్వెంచర్లంటారు. తెర మీద ఒక చోటు వర్ణించబడుతుంది. “ఉత్తరానికి వెళ్ళు”, “తలుపు తెరువు” అని పాఠకుడు టైపు చేస్తాడు. ఆ ఆజ్ఞను బట్టి కథ సాగుతుంది. ఇక్కడ పాఠకుడు వినేవాడు మాత్రమే కాదు, చేసేవాడు కూడా. అటువంటి కథ మీద హఠాత్తుగా ఒక పెట్టె తెరుచుకుని, అందులో ఎవరిదో మాట కనిపిస్తే అది కథకు బలమా, భారమా?

దీనికి ఉదాహరణగా “ట్రినిటీ” అనే ఆటను తీసుకుంటాను. బ్రయాన్ మోరియార్టీ రచించగా అమెరికాలోని ఇన్ఫోకామ్ సంస్థ 1986లో దానిని వెలువరించింది. వస్తువు అణుబాంబు. 599 డాలర్ల సెలవు యాత్రకు లండను వచ్చిన ఒక అమెరికన్ కెన్సింగ్టన్ గార్డెన్సులో తిరుగుతుండగా మూడవ ప్రపంచయుద్ధం మొదలవుతుంది. నగరం మీద క్షిపణి పడబోయే క్షణాన అతడొక వింత ద్వారం గుండా మరొక లోకంలోకి జారుకుంటాడు. అక్కడి ఒక్కొక్క పుట్టగొడుగు ఒక్కొక్క అణు విస్ఫోటనానికి దారి. నాగసాకి, పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ దీవులు, ఆ పైన 1945 జూలై 16 తెల్లవారుజామున మొదటి పరీక్ష జరిగిన న్యూ మెక్సికో ఎడారి, ఇలా సాగుతుంది ప్రయాణం.

ఈ ప్రయాణంలో కొన్ని మలుపుల దగ్గర తెర పైభాగాన, అక్షరాలూ నేపథ్యమూ రంగులు మార్చుకున్న ఒక పెట్టె లేస్తుంది. అందులో సాహిత్యం నుండో చరిత్ర నుండో తీసిన ఒక వాక్యం వుంటుంది. పాఠకుడు మరి రెండు ఆజ్ఞలు టైపు చేసేసరికి కథ పైకి జరిగి పెట్టె మాయమవుతుంది. అది జవాబు అడగదు, మీట నొక్కమనదు. ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే, గ్రాహమ్ నెల్సన్ 1993లో ఇన్ఫార్మ్ అనే రచనా సాధనాన్ని తయారుచేసినప్పుడు పెట్టె కోసం ప్రత్యేకంగా ఒక ఆదేశాన్నే సమకూర్చాడు.

ఈ మితభాషిత్వాన్ని మెచ్చుకోక తప్పదు. నేటి సెల్‌ఫోన్ ఆటలలో లేచే పెట్టెలను చూడండి. ఒకటి బిరుదు ఇస్తుంది, ఒకటి సరుకు కొనమంటుంది. అవి ఆటగాడిలోని మనిషిని కాక కొనుగోలుదారుని పలకరిస్తాయి. “ట్రినిటీ” పెట్టె మాత్రం అతని ఆలోచనను పలకరిస్తుంది.

అయితే ఆలోచనకు బరువు వచ్చేది పెట్టె వల్లనేనా? కాదని నా అభిప్రాయం. ఆటలో ఒక ఘట్టముంది. ఒక మంత్రప్రయోగం కోసం ఒక చిన్న బల్లి ప్రాణం కావాలి. అది పాఠకుడి చేతిలోనే వుంటుంది. దానిని చంపమనే ఆజ్ఞను పాఠకుడే తన వ్రేళ్ళతో టైపు చేయాలి. చేయకపోతే కథ కదలదు. లక్షల ప్రాణాలు కాపాడటానికి ఒక ప్రాణం తీయవచ్చునా అన్న ప్రశ్న ఇక్కడ ఉపన్యాసంగా రాలేదు, చేతి పనిగా వచ్చింది. పెద్దల సూక్తి ఏదీ చేయలేని పని ఆ రెండు మాటల ఆజ్ఞ చేసింది. నాగసాకి ఘట్టంలోని బాలిక విషయమూ అంతే. మొగాన కాలిన మచ్చతో లండను తోటలో కనిపించిన ముసలమ్మే ఆ బాలిక అని తెలిసినప్పుడు వ్యాఖ్యానం అవసరమవుతుందా?

ఇక్కడే నా ఆక్షేపణ. ఆ ముసలమ్మ కథలో వుంది. కాని తెరకు పై అంతస్తయిన పెట్టె గ్రంథాలకెక్కిన మాటలకే దక్కింది. అనుభవించినవారు క్రింద, వ్యాఖ్యానించేవారు పైన. ఇది శిల్పంలో దొర్లిన చిన్న లోపం కాదు. రచయిత చరిత్రను ఎక్కడ నుంచి చూస్తున్నాడో చెప్పే లక్షణమిది.

ముగింపు దీనినే రుజువు చేస్తుంది. పాఠకుడు ఎడారికి చేరి పరీక్షను చెడగొడతాడు. అయినా బాంబు పేలుతుంది. మనం చరిత్రలో చదివిన పేలుడు అదే. అతడి చేయి పడకపోతే అది మరెంతో ఘోరమై వుండేదట! కథ మళ్ళీ ఆ తోటలోనే మొదలవుతుంది. చరిత్ర ఒక గానుగ, మనిషి దానికి కట్టిన ఎద్దు. ఇదీ సారాంశం.

చరిత్ర ఇంత నిస్సహాయమైనదా? ఆట మొదలయ్యే ఆ లండనుకు పశ్చిమాన గ్రీన్‌హమ్ కామన్ వైమానిక స్థావరం ఎదుట 1981 నుండి స్త్రీలు గుడారాలు వేసుకుని కూర్చున్నారు. 1982 డిసెంబరులో సుమారు 30,000 మంది చేయి చేయి పట్టుకుని ఆ స్థావరాన్ని చుట్టుముట్టారు. ఆట వెలువడిన మరుసటి ఏడు, 1987లో, మధ్యశ్రేణి క్షిపణుల రద్దుకు ఒప్పందం కుదిరింది. 1991 నాటికి గ్రీన్‌హమ్ క్షిపణులు తరలిపోయాయి. ఒప్పందాన్ని ఆ స్త్రీలే తెచ్చారనను. వారు లేకుండా ఆ కాలపు కథ పూర్తి కాదంటాను. ఆటలో వారి జాడ నాకు కనబడలేదు. ఒక్క పెట్టెలో వారి మాట వుండివుంటే, తోటలో ఒంటరిగా తిరిగే ఆ యాత్రికుడికి తోడు మనుషులున్నారని తెలిసేది.

ఒక ఆట నుండి ఇంత ఆశించడం న్యాయమా అని కొందరు అడుగుతారు. ఈ ఆట అణుబాంబును వస్తువుగా స్వీకరించింది కనుకనే అడుగుతున్నాను. సాహసించని రచనను నిలదీసేదేముంది? 1986లో వ్యాపారసంస్థలో పనిచేస్తూ ఈ వస్తువును ఎత్తుకోవడమే రచయిత నిజాయితీకి గుర్తు. ఆ నిజాయితీ పాఠకుడి చేతికి ప్రశ్నను ఇచ్చింది, కాని తోడును ఇవ్వలేదు.

మన విద్యార్థులలో కొందరు ఇటువంటి ఆటలు తెలుగులో రాయాలని ఉబలాటపడుతున్నారు. వారికి నేను చెప్పగలిగినది ఇదే. పెట్టె పెట్టండి, తప్పు లేదు. కథలో పాఠకుడు చేయవలసిన పనిని మాత్రం పెట్టెకు అప్పగించకండి. పెట్టెలో ఎవరిని మాట్లాడించాలో మన రాజకీయపు వంతను చూసి నేర్చుకోండి. అతడు సభకు పై అంతస్తులో నిలబడడు. సభలోని మాటనే వేదిక మీదికి తెచ్చి, తిరిగి సభకే అప్పగిస్తాడు.