రెండు సీసాలు, ఒకటే నిమ్మ వాసన

కళ్లు మూసి రెండు సీసాలూ ముక్కు దగ్గర పెడితే చాలామంది రెంటినీ నిమ్మే అంటారు. ఒకటి నిమ్మగడ్డి నూనె, రెండోది నిమ్మ తొక్క నూనె. ఆ పోలిక తెచ్చేది సిట్రాల్ అనే పదార్థం. గడ్డి నూనెలో అది దాదాపు ముప్పాతిక వంతు. తొక్క నూనెలో నూటికి రెండు మూడు పాళ్లే. అక్కడ సింహభాగం లిమొనీన్‌ది.

గడ్డి నూనె కేరళ సరుకు. కొచ్చి రేవులో ఓడ ఎక్కేది కాబట్టి వర్తకులు ‘కొచ్చిన్ ఆయిల్’ అనేవారు. ఈ గడ్డి కోసమే 1951లో ఓడక్కాలిలో ఒక పరిశోధన కేంద్రం వెలిసింది. కోసిన గడ్డిని కాస్త వాడనిచ్చి, బట్టీలో కుక్కి ఆవిరి పట్టిస్తారు. ఆ ఆవిరి చల్లారాక నీటి మీద పసుపురంగు నూనె తేలుతుంది. నూరు కిలోల పచ్చిగడ్డికి చేతికొచ్చేది అరకిలోకి అటూ ఇటూ. అంత గాఢమైన సరుకును గడ్డే కదా అని తిన్నగా ఒంటికి రాస్తే మండక మానదు. పైగా సిట్రాల్ ఒకసారి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లే. 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెకు నాలుగు చుక్కలు చాలు. అదీ ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగాక. బకెట్ నీళ్లలో చుక్కలేసుకునే అలవాటు మరీ చేటు. నూనె నీళ్లలో కలవదు. చెంబుతో ముంచుకున్నప్పుడు ఉన్నదున్నట్టుగా ఒంటికి అంటుకుంటుంది.

తొక్క నూనె గొడవ వేరు. దానికి ఎండ తోడవ్వాలి. గానుగ పద్ధతిలో పిండిన నూనెలో ఫ్యూరానోకౌమరిన్లు ఉంటాయి. రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి, నల్లమచ్చలు నెలల తరబడి పోవు. రాసిన చోట పన్నెండు గంటలైనా ఎండ తగలనివ్వకూడదు. ఆవిరితో తీసిన రకానికి ఈ బెడద దాదాపు లేదు కాబట్టి లేబుల్ మీద ‘కోల్డ్ ప్రెస్డ్’ అని ఉందో, ‘స్టీమ్ డిస్టిల్డ్’ అని ఉందో చూసి కొనాలి. అన్నట్టు, ఆ లేబుళ్ల మీది లెమన్ గూడూరు మార్కెట్లో బస్తాలకెత్తే కాయ కాదు. మనది లైమ్. దాని తొక్క పిండిన నూనెకు ఎండంటే ఇంకా పడదు.

కొవ్వొత్తి మంట పక్కన నిమ్మ తొక్కను మడిచి నొక్కితే తుంపర చిటపటమని నిప్పురవ్వలవుతుంది. సీసాలో ఉన్నదీ అదే. వాసన కోసం దీపపు ప్రమిదలో చుక్కలు వేసేవారు ఒక్కసారి ఇది చూడాలి. ఈ నూనెలు పిల్లులకు పడవు కాబట్టి పిల్లి ఉన్న ఇంట్లో వాసన వెదజల్లే డిఫ్యూజర్ జోలికీ పోకపోవడమే మేలు.

లిమొనీన్ గాలి తగిలి పాతబడితే అదే ఎలర్జీ తెస్తుంది. అందుకే ముదురురంగు గాజుసీసా, బిగువైన మూత, ఫ్రిజ్. ఏడాది దాటిన సీసాను ఒంటికి వాడకుండా, గ్లౌజులు వేసుకుని, కొత్త స్టీలు గిన్నెల మీద స్టిక్కర్ల జిగురు తుడవడానికి వాడుకోవచ్చు. ఆ పనికి అది భేషుగ్గా పనికొస్తుంది.