మ్యాట్‌ల్యాబ్ చరిత్ర కథనంలో కర్తృలోపం: ఒక సంస్థాచరిత్ర విమర్శ

వ్యాససంగ్రహం

గణిత సాఫ్ట్‌వేర్ సంస్థ మ్యాథ్‌వర్క్స్ స్థాపకులు ఇద్దరు తమ ఉత్పత్తి చరిత్రను 2020లో ఒక సుదీర్ఘ పత్రంగా ప్రకటించారు. ఆ పత్రాన్ని కథనంగా చదివి, అందులో కర్త ఎక్కడ స్పష్టంగా నిలుస్తాడో, ఎక్కడ తొలగిపోతాడో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ప్రజాధనంతో రూపొందిన గణిత విజ్ఞానం అమ్మకపు సరుకుగా మారిన సందర్భాన్ని ఆ రచన ఏ వాక్యనిర్మాణంతో చెప్పిందన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: సంస్థాచరిత్ర, కర్తృలోపం, మ్యాట్‌ల్యాబ్, లిన్‌ప్యాక్, ఆక్టేవ్, లైసెన్సు.

ఉపోద్ఘాతం

ప్రోగ్రామింగ్ భాషల చరిత్రపై ఏసీఎం సంస్థ తలపెట్టిన నాలుగవ సదస్సు కోసం సిద్ధమై, 2020 జూన్‌లో వెలువడిన పత్రాల్లో 'ఎ హిస్టరీ ఆఫ్ మ్యాట్‌ల్యాబ్' ఒకటి. రచయితలు క్లీవ్ మోలర్, జాక్ లిటిల్. మొదటివారు తొలి మ్యాట్‌ల్యాబ్‌ను రాసిన గణితాచార్యులు. రెండవవారు దానిని సరుకుగా మలచిన ఇంజనీరు. స్థాపకుడే చరిత్రకారుడైనప్పుడు రచన స్వీయచరిత్ర వైపు జరుగుతుంది. అది దోషం కాదు. అయితే అటువంటి రచన విషయంలో పాఠకుడు వేయవలసిన ప్రశ్నలు మారతాయి. చెప్పిన సంగతులు నిజమా అన్న ప్రశ్నతో పాటు, చెప్పిన తీరు ఎవరిని ముందుకు తెచ్చింది, ఎవరిని వెనక్కు నెట్టింది అన్నది కూడా విచారణీయమవుతుంది. పత్రికల, ముద్రణాలయాల, గ్రంథాలయాల చరిత్రలను పరిశీలించే తెలుగు పరిశోధకులకు ఈ సమస్య కొత్తది కాదు.

రుణాల చిట్టా

పత్రం తొలిభాగం ఉదారమైనది. ఆల్గాల్ భాషలో మాత్రికా గణనల పద్ధతులను రాసిన విల్కిన్సన్, రైన్ష్‌ల కృషితో కథ మొదలవుతుంది. ఆ పద్ధతులు 1971లో గ్రంథరూపం దాల్చాయి. వాటిని ఫోర్ట్రాన్‌లోకి తెచ్చి, వేర్వేరు యంత్రాలపై పరీక్షించి, అందరికీ అందుబాటులో ఉంచే పనిని అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల చేపట్టింది. ధనసహాయం నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ది. ఆ కృషి ఫలితమే ఐస్‌ప్యాక్. దాని తరువాత ఏకఘాత సమీకరణాల సాధనకు లిన్‌ప్యాక్ వచ్చింది. దాని నలుగురు రచయితలు డాంగర్రా, బంచ్, మోలర్, స్టీవర్ట్. ఈ భాగంలో ప్రతి పనికీ ఒక మనిషి ఉన్నాడు. గురువు జార్జ్ ఫోర్సైత్ పట్ల మోలర్ కృతజ్ఞత కూడా అక్షరాల్లో కనిపిస్తుంది.

1970ల చివర న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, తన విద్యార్థులు ఫోర్ట్రాన్ రాయకుండానే ఈ రెండు భాండారాలను వాడుకోగలగాలని మోలర్ కోరుకున్నారు. నిక్లాస్ విర్త్ పుస్తకం చదివి వాక్యవిశ్లేషకం రాయడం నేర్చుకుని, ఒక మాత్రికా గణనయంత్రాన్ని నిర్మించారు. దానిలోని నిక్షిప్త పదాలు, ప్రమేయాలు కలిపి 71. డబ్బు తీసుకోకుండానే అది ఇతర విశ్వవిద్యాలయాలకు చేరింది. 1979-80లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పాఠం విన్నవారిలో గణిత విద్యార్థులకు అది అంతగా రుచించలేదు. నియంత్రణ వ్యవస్థలు, సంకేత విశ్లేషణ చదివే ఇంజనీరింగ్ విద్యార్థులకు వెంటనే నచ్చింది. బోధనోపకరణానికి విపణి దొరికింది ఇక్కడే. కథనంలో అత్యంత సజీవమైన ఘట్టం కూడా ఇదే.

1984 అనే వాక్యం

పత్రం మొదట ఉన్న సంగ్రహం మరో కంఠంతో మాట్లాడుతుంది. 1984లో మ్యాట్‌ల్యాబ్ వాణిజ్య ఉత్పత్తి అయినప్పుడు ప్రోగ్రామింగ్ భాష ప్రత్యక్షమైందని, గణనయంత్రం సీ భాషలో తిరిగి నిర్మితమైందని అది చెబుతుంది. తరువాత 1985, 1987, 1992, 1993 అంటూ వరుసగా ఉపకరణాలు కనిపిస్తాయి, చేరతాయి, ప్రవేశిస్తాయి. ఈ సంగ్రహం మొత్తంలో వినిపించే వ్యక్తి పేరు ఫోరియర్‌ది ఒక్కటే. అదీ ఒక గణిత ప్రక్రియ పేరులో భాగంగా.

ఆంగ్ల శాస్త్రరచనకు కర్మణి ప్రయోగం సహజమని ఎవరైనా సమాధానం చెప్పవచ్చు. ఈ వాక్యాలను తెలుగులో ఊహిస్తే సమస్య స్పష్టమవుతుంది. 'బడు' ధాతువుతో ఏర్పడే కర్మణి ప్రయోగం తెలుగు వాడుకలో తక్కువ. దాని పని చాలావరకు క్రియల జంటలు చేస్తాయి: చేరు - చేర్చు, మారు - మార్చు, వెలువడు - వెలువరించు. 'మార్చారు' అంటే కర్త పేరు చెప్పకపోయినా క్రియాంతంలో ఎవరో ఒకరు ఉండక తప్పదు. 'మారింది' అంటే ఆ ఉనికి కూడా తొలగిపోతుంది. మార్పు ఋతువులా దానంతట అదే వచ్చినట్లవుతుంది. మ్యాట్‌ల్యాబ్ 'వాణిజ్య ఉత్పత్తి అయింది' అన్నది ఈ రెండవ కోవకు చెందిన వాక్యం.

పత్రం లోపలి పుటలు ఈ లోపాన్ని కొంత పూరిస్తాయి. లిటిల్ ఉద్యోగం మాని, సియర్స్ దుకాణంలో కాంపాక్ కంప్యూటర్ కొని, స్టాన్‌ఫర్డ్ వెనుక కొండల్లో కూర్చుని కొత్త రూపాన్ని రాసిన సంగతి ప్రసిద్ధమే. స్టీవ్ బ్యాంగర్ట్ తన తీరిక వేళల్లో తోడయ్యారు. ఆ శ్రమ నిజమైనది. పాత కోడ్‌కు కొత్త చీటీ అంటించి అమ్మారనడం అన్యాయం. తొలి పది ప్రతులు కొన్నది ఎంఐటీలోని నిక్ ట్రెఫెథెన్. అంటే విశ్వవిద్యాలయం నుంచి బయలుదేరినది మొదట విశ్వవిద్యాలయానికే అమ్ముడైంది. ఈ వలయం కథనంలో ఒక ముచ్చటగానే మిగిలిపోతుంది. నిజానికి విశ్లేషించవలసింది దీనినే: అడిగినవారికి అందిన పరికరానికి ఏ షరతులపై ధర పడింది, దాని మూలం ఎవరికి మూతపడింది అన్నది.

అలాగని రుణం 1984తో తీరిపోలేదు. 2000లో వచ్చిన ఆరవ రూపంలో లిన్‌ప్యాక్, ఐస్‌ప్యాక్‌ల స్థానాన్ని లాప్యాక్ ఆక్రమించింది. అది కూడా ప్రజాధనంతో తయారైన, మూలం తెరిచి ఉన్న భాండారమే. సంగ్రహం 1993 నాటిదిగా పేర్కొన్న ప్రతీక గణిత ఉపకరణం తొలుత కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో పుట్టిన మేపుల్ యంత్రాంగంపై నడిచింది. 2008లో మ్యాథ్‌వర్క్స్ మ్యూప్యాడ్‌ను సొంతం చేసుకున్నాక అది దానిమీదికి మారింది. మ్యూప్యాడ్ జర్మనీలోని పాడర్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకుల నిర్మాణం. కొనుగోలు తరువాత విడి ఉత్పత్తిగా విపణి నుంచి నిష్క్రమించింది. 'ప్రవేశపెట్టబడింది' అన్న ఒక్క క్రియ కింద ఇంత చరిత్ర ఒదిగి ఉంది.

దీనికి పూర్తిగా ఎదురైన దోషం మరో సంస్థ కథలో కనిపిస్తుంది. వోల్ఫ్రామ్ రీసెర్చ్‌కు స్థాపకుడి పేరే సంస్థ పేరు. 1988లో విడుదలైన మ్యాథమెటికా కథను చెప్పేటప్పుడు స్టీఫెన్ వోల్ఫ్రామ్ అనే ఒక్క కర్త చుట్టూనే క్రియలన్నీ తిరుగుతాయి. అక్కడ కర్తృలోపం లేదు. కర్తృభారం ఉంది.

తెరిచిన తలుపు, మూసిన తలుపు

టెక్సాస్ విశ్వవిద్యాలయంలో రసాయన రియాక్టర్ల రూపకల్పనపై రాస్తున్న పాఠ్యపుస్తకానికి తోడుగా భావించిన ఒక పరికరాన్ని జాన్ ఈటన్ 1992లో పూర్తిస్థాయిలో నిర్మించనారంభించారు. దానికి తన గురువు ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ పేరు పెట్టారు. ఆక్టేవ్ వాక్యాలు చాలావరకు మ్యాట్‌ల్యాబ్ వాక్యాలే. మూలం మాత్రం ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. ఇక్కడి ఇంజనీరింగ్ కళాశాలల సంకేత విశ్లేషణ ప్రయోగశాలల్లో రెండింటినీ ఎరిగిన అధ్యాపకులకు ఈ పోలిక వివరించనక్కరలేదు. మ్యాట్‌ల్యాబ్ ఒక సంస్థ సరుకును దాటి భాష అయిందనడానికి ఆక్టేవ్‌ను మించిన సాక్ష్యం లేదు. భాష చరిత్ర రాయడమే ఉద్దేశమైన పత్రానికి ఇది పక్కకథ కాజాలదు.

భాష ఎవరిది అన్న ప్రశ్న పత్రం వెలువడిన నెలలోనే మరో రూపంలో ముందుకు వచ్చింది. అమెరికా వాణిజ్య శాఖ ఆంక్షల జాబితాలో చైనాలోని హార్బిన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, హార్బిన్ ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయం చేరాయి. 2020 జూన్‌లో అక్కడి విద్యార్థుల మ్యాట్‌ల్యాబ్ లైసెన్సులు చెల్లకుండా పోయాయి. సంస్థ తన దేశ చట్టానికి లోబడింది. ముందే రాసిన పత్రంలో ఈ ఘటన లేదని తప్పుపట్టడానికీ వీలు లేదు. అయినా 'చెల్లకుండా పోయాయి' అన్నది కూడా కర్త లేని వాక్యమే. దానిని 'చెల్లకుండా చేశారు' అని తిరగరాస్తే, శాఖ, చట్టం, సంస్థ, చందా ఒప్పందం వరుసగా కర్త స్థానంలోకి వచ్చి నిలుస్తాయి. 1984 నాటి వాక్యాన్ని 'వాణిజ్య ఉత్పత్తిగా చేశారు' అని మార్చినప్పుడు కనిపించేది ఈ వరుసకు మొదటి కొస. విద్యార్థి కోసం పుట్టిన పరికరాన్ని విద్యార్థి చేతిలోంచి తీసుకోగల అధికారం ఆ రోజునే ఏర్పడింది.

లిన్‌ప్యాక్, ఐస్‌ప్యాక్‌ల ఫోర్ట్రాన్ మూలాలు మాత్రం నెట్‌లిబ్ భాండారంలో నేటికీ ఎవరైనా దించుకోవడానికి ఉన్నాయి. ఆ దస్త్రాల తొలి పంక్తులలో రాసినవారి పేరు, వారి విశ్వవిద్యాలయం లేదా ప్రయోగశాల పేరు కనిపిస్తాయి.