రాజవొమ్మంగి ఠాణా, రామరాజు కొరడా: పాత్రనైతికతలో రెండు కొలతలు

1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దళం రాజవొమ్మంగి పోలీసు ఠాణాపై దాడి చేసింది. చింతపల్లి (22), కృష్ణదేవిపేట (23) ఠాణాల తరువాత వరుసలో ఇది మూడవది. ఆయుధాలు తీసుకోవడంతోపాటు అక్కడ నిర్బంధంలో ఉన్న వీరయ్యదొరను దళం విడిపించింది. ఈ ఘటనకు నూరేళ్ళు నిండే సంవత్సరంలోనే, 2022 మార్చి 25న, ‘రౌద్రం రణం రుధిరం’ చిత్రం విడుదలైంది. అందులో రామరాజు ఆయుధాల కోసమే పోలీసు కొలువులో చేరతాడు. గోండు వీరుడు భీమ్‌ను బంధించి కొరడాతో కొడతాడు. చరిత్రలో ఆదివాసీని విడిపించిన పేరే తెరపై ఆదివాసీని కొట్టింది. చిత్రం కల్పితం కనుక చరిత్రతో పొసగకపోవడం ఇక్కడ దోషం కాదు. ఆ పాత్ర చేసిన పనులను ఏ కొలతతో కొలవమని కథనం మనను కోరుతున్నదన్నదే ప్రశ్న.

ఆంగ్లాధికారి హింసను చిత్రం దాని ఫలితాన్ని బట్టి కొలుస్తుంది: గాయపడినదెవరు, ఏడ్చినదెవరు అని చూపుతుంది. రామరాజు హింసను మాత్రం ఉద్దేశాన్ని బట్టి కొలుస్తుంది. తొలి ఘట్టంలో లాలా లజపతిరాయ్ నిర్బంధాన్ని నిరసిస్తున్న జనంలోకి దూకి, అడ్డువచ్చినవారినందరినీ కొడుతూ అతడు ఒక వ్యక్తిని పట్టుకొంటాడు. అప్పటికి అతని రహస్యలక్ష్యం మనకు తెలియదు. తెలిసిన తరువాత ఆ దెబ్బలు వీరకృత్యాలుగా మారిపోతాయి. నాట్యశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, ఫలాగమం వెనుకకు వచ్చి ఆరంభాన్ని కడిగివేస్తుంది.

పాత్రలో పరివర్తన ఉన్నదికదా అనవచ్చు. ఉన్నది. భీమ్ పాటకు జనం కదలడం చూసి, ఆయుధం లేకుండానూ తిరుగుబాటు పుడుతుందని రామరాజు గ్రహిస్తాడు. మిత్రుని కోసం తన లక్ష్యాన్నే పణంగా పెడతాడు. కాని అది మిత్రునికి తీర్చిన ఋణం. తొలి ఘట్టంలో దెబ్బలు తిన్న పేరులేని మనుషుల ఋణం కథలో ఎవరికీ గుర్తురాదు.

చారిత్రక రాజు సైతం రెండు కొలతలు పాటించాడన్న ఆక్షేపణకు అవకాశమున్నది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో భారతీయ సిపాయిలను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఆంగ్లాధికారులను అతని దళం హతమార్చింది. అయితే భేదం పాటించడం, ద్వంద్వప్రమాణం పాటించడం ఒకటి కావు. ‘మనవారిని చంపరాదు’ అన్న నియమం శత్రువుకు కాక తనకే సంకెల. తుపాకి పట్టి ఎదుట నిలిచిన సిపాయిని సైతం వదలవలసిన నష్టాన్ని అది తనమీదనే వేసుకొంటుంది. ఠాణాలలో తీసుకొన్న ఆయుధాల వివరం రాసి సంతకం చేసి వెళ్ళడం ఇదే స్వభావానికి నిదర్శనం. మిరపకాయ టపాతో ముందే కబురంపేవాడన్న జనశ్రుతి నిలిచినదీ ఇందుకే.

కనుక వీరపాత్ర నైతికతను పరీక్షించవలసినది హింస ఉన్నదా లేదా అని మాత్రమే కాదు. నియమం ముందే ప్రకటితమైనదా, దాని మూల్యం ఎవరు చెల్లించారు అన్నవి అసలు ప్రశ్నలు. రాజవొమ్మంగిలో మూల్యం నాయకుడు చెల్లించడానికి సిద్ధపడ్డాడు. తెరపై దానిని మొదట చెల్లించినది పేరులేని జనం, తరువాత ఆదివాసి వీపు.